దానమ్మ కుడిపక్క

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయే దారిలో, నంద్యాల ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఒక విత్తనాల ప్లాంటు ఉంది. జనవరి దాటిందంటే ఆ ఆవరణ నిండా శనగ బస్తాలు దొంతరలు దొంతరలుగా లేస్తాయి. లోపల రేకుల షెడ్డులో మూడు బెల్టులు తిరుగుతుంటాయి. బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్ళు కూర్చుని, ముందు నుంచి పారుతున్న శనగల్లో పుచ్చులు, నొక్కులు, పగిలినవి, మట్టిబెడ్డలు ఏరి పక్కన డబ్బాలో వేస్తుంటారు. జల్లెడ పట్టే యంత్రం ఎంత పెద్దదైనా కొన్ని మిగిలిపోతాయి. వాటిని మనిషి కన్నే పట్టుకోవాలి.

ఆ షెడ్డులో దానమ్మ పంతొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. పుట్టిల్లు గోస్పాడు, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. భర్త అంకన్న విగ్రహాలు చెక్కే యార్డులో నునుపు పట్టే పని చేస్తాడు. శిల్పులు ఉలి పని ముగించాక, రాతి మీద నీళ్ళు పోస్తూ రోజుల తరబడి రుద్దడం అతని వంతు. కూతురు బ్లెస్సీ నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు. తల్లీ కూతుళ్ళు పొద్దున ఒకే బస్సు ఎక్కుతారు. దానమ్మ ప్లాంటు దగ్గర దిగితే, బ్లెస్సీ ముందుకు పోతుంది.

దానమ్మ ఏరుతుంటే చూడటం ఒక ముచ్చట. పక్కనున్న పద్మతో ఇంటి సంగతులు మాట్లాడుతూనే ఉంటుంది, తల ఎత్తి నవ్వుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం పోయి వేల గింజల మధ్య ఒక్క పుచ్చును పట్టుకొస్తుంది. కొత్తగా చేరిన సూపర్‌వైజర్ భానుప్రియ మొదటి రోజుల్లో ఆమె డబ్బాలోంచి గుప్పెడు తీసి చూసింది. మంచి గింజ ఒక్కటి కూడా లేదు.

"ఎట్లా కనుక్కుంటావ్ అక్కా అంత బిరీన?" అని అడిగితే దానమ్మ ఇంకో పుచ్చును డబ్బాలో వేసింది.

"నాకేం తెలుసు మే. అది చెడ్డదని నేననుకునే లోపలే చెయ్యి ఆడుంటాది."

ఫిబ్రవరి చివరి వారంలో ఒక పొద్దున దానమ్మ తలనొప్పితో లేచింది. తల వెనక, ఎడమ పక్కన ఎవరో బొటనవేలితో అదిమినట్టు నొప్పి. రాత్రి సరిగా నిద్ర పట్టలేదులే అనుకుని బస్సెక్కింది. ప్లాంటులో గేటు స్తంభానికి కుడి భుజం గట్టిగా తగిలింది. పంతొమ్మిదేళ్ళుగా దాటుతున్న గేటు అది. భుజం రుద్దుకుంటూ పోయి తన పీట మీద కూర్చుంది. బెల్టు తిరిగింది.

ఆమె కూర్చునే వైపు గింజలు కుడి నుంచి ఎడమకు పారతాయి. ఆ రోజు అవి కుడి నుంచి రావడం లేదు. సరిగ్గా తన ముక్కుకు ఎదురుగా, బెల్టు నడుమ, గాల్లోంచి పుట్టినట్టు వస్తున్నాయి. వచ్చి ఎడమ పక్కకు పారిపోతున్నాయి. దానమ్మ కళ్ళు నలుపుకుంది. నీళ్ళతో కడుక్కుని వచ్చింది. అంతే. కుడి పక్కన పద్మ గొంతు వినిపిస్తోంది, పద్మ లేదు. తల తిప్పితే ఉంది. మళ్ళీ ముందుకు చూస్తే లేదు.

గంట తర్వాత భానుప్రియ బెల్టు ఆపించింది.

"ఏందక్కా ఇది? పుచ్చులన్నీ నీ ముందర్నించే పోతాండాయి!"

ఆ మాట ఆ షెడ్డులో దానమ్మను ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆమె తల వెనక చెయ్యి పెట్టుకుంది. "తలకాయి నొప్పి మే" అంది. ఇంటికి పొమ్మన్నారు.

ఆ సాయంత్రం వరకు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి మాట దొరికితే కదా! చీకటిగా ఉందనడానికి లేదు. నల్లగా ఏదీ అడ్డం రాలేదు. మసక కూడా లేదు. మన వీపు వెనక ఏముందో మనకు ఎలా కనిపించదో, అక్కడ నల్లటి తెర ఉందని కూడా ఎలా అనిపించదో, సరిగ్గా అలా. లోకం నడుమ దాకా ఉంది. ఆ తర్వాత లేదు.

అన్నం తినేటప్పుడు బ్లెస్సీ కనిపెట్టింది. అమ్మ తట్టలో ఎడమ సగం అన్నం అయిపోయింది. కుడి సగం, దాంతోపాటు వంకాయ కూర, ముట్టకుండా ఉన్నాయి.

"అమా, కూర తిన్లేదే?"

"యాడ పెట్టినావ్ కూర?"

బ్లెస్సీ తట్టను చేత్తో సగం తిప్పింది. దానమ్మ ఉలిక్కిపడింది. లేని కూర తట్టలోకి వచ్చింది.

బ్లెస్సీ తల్లి కుడి కన్ను తన అరచేత్తో మూసింది. "ఇప్పుడు?" కుడి పక్క కనిపించలేదు. ఎడమ కన్ను మూసింది. "ఇప్పుడు?" అప్పుడూ కనిపించలేదు. ఏ కన్ను మూసినా పోయింది కుడి పక్కే. ఒక కన్ను చెడితే ఇలా ఉండదని బ్లెస్సీకి అర్థమైంది. ఎందుకో తెలియలేదు గానీ భయం వేసింది. తెల్లారీ తెల్లారకముందే తల్లిదండ్రులిద్దరినీ నంద్యాల కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు శ్రీవాణిది నందికొట్కూరు. నలభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. దానమ్మ కళ్ళలో మందు చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత తెల్లటి పెద్ద గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమంది. చేతికి ఒక మీట ఇచ్చింది. గిన్నె నడుమ చుక్కనే చూస్తుండాలి, పక్కల ఎక్కడైనా వెలుగు మినుకుమంటే మీట నొక్కాలి. ఎడమ పక్క వెలుగులన్నింటికీ దానమ్మ నొక్కింది. కుడి పక్కన ఒక్కదానికీ నొక్కలేదు. రెండు కళ్ళకూ అంతే.

"అమ్మా, మీ కళ్ళు రెండూ బాగున్నాయి" అంది శ్రీవాణి. "ఇది కంటి జబ్బు కాదు. ఇప్పుడే తలకు స్కాన్ తీయించాలి. రేపటి దాకా ఆగకూడదు."

అంకన్న మొహం మాడింది. "కంటి కోసం వస్తే తలకాయి కథేంది మేడమ్?"

"తర్వాత చెప్తాను. ముందు మీరు పోండి" అని ఆమె తానే ఫోన్ చేసి, పక్క వీధిలో ఉన్న పెద్దాసుపత్రికి పంపించింది. తల వెనక ఎడమ భాగంలో సన్నటి రక్తనాళం ఒకటి పూడుకుపోయిందని స్కాన్‌లో తేలింది. దానమ్మకు బీపీ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కాలూ చెయ్యీ, మాటా అన్నీ బాగున్నాయి. కుడి పక్క మాత్రం తిరిగి రాలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ శ్రీవాణి దగ్గరికి పోయినప్పుడు, అంకన్న కడుపులో పెట్టుకున్న ప్రశ్న బయటికి తీశాడు.

"కండ్లు బాగుండాయంటారు, కనపడదంటారు. రెండూ ఎట్లయితాది మేడమ్?"

శ్రీవాణి కాగితం మీద రెండు గుండ్రాలు గీసింది. వాటి వెనక ఇంకో పెద్ద గుండ్రం గీసింది. కంట్లో పడే బొమ్మ తలకిందులుగా పడుతుందని చెప్పింది. ఆ బొమ్మ నరాల వెంట తల వెనక్కి ప్రయాణం చేస్తుందని, అక్కడికి చేరాకే 'చూశాను' అన్న సంగతి మనిషికి తెలుస్తుందని చెప్పింది. కుడి పక్క ఉన్నవాటిని రెండు కళ్ళూ పట్టుకుని, తలలో ఎడమ భాగానికే పంపిస్తాయట. దానమ్మకు దెబ్బ తగిలింది అక్కడ.

అంకన్న నమ్మీ నమ్మనట్టు చూశాడు. శ్రీవాణి నవ్వి, నోటుపుస్తకంలోంచి గీతల కాగితం చింపి, ఒకే గీత మీద ఎడమ పక్క ఒక ఇంటూ గుర్తు, దానికి బెత్తెడు దూరంలో కుడి పక్క ఒక నల్లటి చుక్క పెట్టి అతనికిచ్చింది.

"ఎడమ కన్ను మూసుకో. ఇంటూనే చూడు. చుక్కను చూడొద్దు. కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చుకో."

అంకన్న అలాగే చేశాడు. కాగితం మొహానికి జానెడు పైచిలుకు దూరం వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

"పోయింది!"

"ఏం పోయింది?"

"చుక్క పోయింది మేడమ్! గీత ఉండాది... చుక్క ఉన్న కాడ కూడా గీతే ఉండాది!"

"అక్కడ నీ కంట్లో చూపు లేదు. నరాలన్నీ కట్టగా కలిసి బయటికి పోయే చోటు అది. నీకే కాదు, నాకూ అంతే, అందరికీ అంతే. పుట్టినప్పటి నుంచి ప్రతి కంట్లో ఆ చిల్లి ఉంది. నీ తల దాన్ని ఊరికే వదలదు, చుట్టూ ఏముందో చూసి పూడ్చేస్తుంది. ఇన్నాళ్ళూ నీకు తెలిసిందా?"

అంకన్న కన్ను తెరిచాడు, మూశాడు. కాగితం జరిపాడు. చుక్క వచ్చింది, పోయింది. యాభై రెండేళ్ళ వయసులో తన కంటికి చిల్లి ఉందని తెలిసిన మనిషి మొహం అది. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని పోయి, మర్నాడు యార్డులో అందరిచేతా ఒక కన్ను మూయించాడు. విగ్రహాల మధ్య పదిమంది శిల్పులు పని ఆపి, ముక్కు ముందు కాగితం జరుపుకుంటూ నిలబడ్డారు. పెద్ద శిల్పి రెండుసార్లు చూసి, కాగితం తిరిగిచ్చి, ఆ పూట ఉలి పట్టుకోలేదట.

దానమ్మకు మాత్రం ఇల్లే లోకమైంది. కళ్ళను కుడికి తిప్పి తిప్పి చూడటం అలవాటు చేసుకోమని శ్రీవాణి చెప్పింది. ఆమె తిప్పేది. తలుపు తగిలేది, చెంబు కింద పడేది. ప్లాంటు నుంచి పద్మ ఫోన్ చేస్తే, వస్తాలే అనేది. గింజలు కనపడనప్పుడు పోయి ఏం చేయాలి? ఒంటరిగా ఉన్నప్పుడు అద్దం ముందు నిలబడి, తన ముక్కునే చూస్తూ, మొహంలో సగం లేకుండా పోవడం గమనించేది. సగం మొహంతో మనిషి బతికే ఉంటుందా అనిపించేది.

మే నెలలో ఒకరోజు సందెవేళ అంకన్నతో కలిసి నాలుగు రోడ్ల కాడికి కూరగాయలకు పోయింది. అతను ఆమె ఎడమ పక్కన నడుస్తున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటబోతున్నారు. దానమ్మ ఉన్నట్టుండి వెనక్కి ఒక్క అడుగు వేసి, అంకన్న చొక్కా పట్టి గుంజింది. మరుక్షణం కుడి పక్క నుంచి ఒక బైకు, హారన్ కూడా కొట్టకుండా, అతని పంచె అంచు రాసుకుంటూ దూసుకుపోయింది.

అంకన్న పంచె సర్దుకుని దానమ్మ వైపు తిరిగాడు.

"నువ్వెట్ల చూస్తివి?"

"ఏంది చూసేది?"

"బండిని."

"నేను చూల్లే. ఏ బండి?"

అతను ఆమె చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి నడిపించాడు. ఇంట్లో దానమ్మను మంచం మీద కూర్చోబెట్టి, గోడ మీది క్యాలెండరును చూడమన్నాడు. కుడి పక్కకు పోయి నాలుగు వేళ్ళు ఎత్తాడు.

"ఎన్ని?"

"నాకేం కనపళ్ళేదయ్యా."

భుజం మీది టవలు ఉండ చుట్టి, ఆమె కుడి చెవి వైపు విసిరాడు. దానమ్మ చెయ్యి లేచింది. టవలు ఆమె అరచేతిలో ఉంది. ఆమె తన చేతి వైపు తల తిప్పి, అందులో టవలు చూసి అదిరిపడింది.

"కనపడతాండాది నీకు" అన్నాడు అంకన్న. "మూడు నెల్ల నించి మమ్మల్ని ఏడిపిస్తాండావ్. యాలమే? పని చెయ్యలేక పోతే చెయ్యలేనని చెప్పొచ్చు గదా? ఈ నాటకమెందుకు?"

"దేవుని సాక్షి, నాకు కనపడల్యా!"

"మరి పట్టుకునిందెవురు?"

అంకన్న కోపంతో బయటికి పోయాడు. ఆమె తన కుడి చేతిని ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అతను అన్న మాట కంటే ఆ చెయ్యే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తనకు చెప్పకుండా కదిలిన చెయ్యి. తన లోపల ఇంకెవరో ఉన్నారా? ఉంటే, వాళ్ళకు కనపడేది తనకెందుకు కనపడదు? ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని అదే అడిగింది. పక్కింటామె విని, అది దేవదూతేనని ఖాయం చేసింది. దానమ్మకు ఆ మాట ధైర్యమూ ఇచ్చింది, దడా పుట్టించింది.

"మేడమ్ దగ్గరికి పోదాం మా" అని బ్లెస్సీ అంది. "నాయనా, నువ్వూ రా. నీ ముందరే అడుగుదాం."

టవలు సంగతి బ్లెస్సీ చెబుతుంటే, శ్రీవాణి రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. బైకు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. హారన్ వినిపించిందా, శబ్దం వచ్చిందా, తల తిప్పావా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. దేనికీ దానమ్మ ఔననలేదు. తర్వాత బయట ఉన్న రోగుల్ని కాసేపు కూర్చోమని చెప్పి, తలుపు వేయించింది.

దానమ్మ గడ్డాన్ని స్టాండు మీద పెట్టి, గోడ మీది ఎర్ర చుక్కనే చూడమంది. ఆమె కళ్ళు పక్కకు జరగకుండా కనిపెట్టడానికి ఎదురుగా ఒక నర్సును కూర్చోబెట్టింది. అంకన్నకు కాగితం, పెన్ను ఇచ్చింది.

"నేను కుడి పక్కన టార్చి పెట్టి పైకో కిందికో జరుపుతాను. దానమ్మా, పైకి పోయిందా కిందికి పోయిందా మీరు చెప్పాలి. తప్పు చెప్తే అంకన్న సున్నా పెడతాడు, సరిగ్గా చెప్తే టిక్కు."

"మేడమ్, నాకా పక్క ఏమీ ల్యా. కనపడంది ఎట్ల చెప్పేది?"

"కనపడక్కర్లేదు. నోటికొచ్చింది చెప్పండి."

"ఉత్తగానా?"

"ఉత్తగానే."

దానమ్మకు సిగ్గేసింది. ఇది చిన్నపిల్లలాట. చుక్కను చూస్తూ "పైకి" అంది. "కిందికి" అంది. "మళ్ళీ కిందికి" అంది. ప్రతిసారీ ఏమీ కనిపించలేదు, ప్రతిసారీ ఊరికే అంది. నడుమలో ఒకసారి విసుగొచ్చి "ఏదో ఒకటి రాసుకో పో" అని అంకన్న మీద కసిరింది. కాగితం మీద పెన్ను గీరే శబ్దం మాత్రం వినిపిస్తోంది.

నలభైసార్లు అయ్యాక శ్రీవాణి టార్చి ఆర్పింది. "లెక్కపెట్టు అంకన్నా."

అతను వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ముప్పై ఐదు టిక్కులు."

నర్సు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. శ్రీవాణి కుర్చీలో వెనక్కి వాలి, దానమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"చదువుకునేటప్పుడు పుస్తకంలో చదివినాను నేను ఇది" అంది మెల్లగా. ఆ గొంతులో డాక్టరు కంటే నందికొట్కూరు పిల్ల ఎక్కువ ఉంది. "పదిహేడేళ్ళయింది ఈ పనిలోకి వచ్చి. నా ఎదుట జరగడం ఇదే మొదలు."

"అంటే కనపడుతున్నట్టా, కనపడనట్టా?" అన్నాడు అంకన్న.

శ్రీవాణి హఠాత్తుగా అతని మొహం ముందు అరచేతిని కదిలించింది. అంకన్న కళ్ళు టక్కున మూసుకున్నాయి.

"కళ్ళెందుకు మూశావ్?"

"మీరు చెయ్యి తెచ్చినారు గదా."

"మూయాలని అనుకున్నావా?"

అంకన్న తల అడ్డంగా ఊపాడు. "ల్యా. వాటంతట అవే..."

"నువ్వు అనుకునేలోపే అయిపోయింది. ఒళ్ళు చాలా పనులు మనల్ని అడగకుండానే చేస్తుంది అంకన్నా. అడుగుతూ కూర్చుంటే మనం బతకం." కాగితం మీద పాత బొమ్మ లాంటిదే మళ్ళీ గీసింది. "కడప-కర్నూలు హైవే పడకముందు ఊళ్ళ మధ్య సన్న దారులుండేవి కదా? చూపుకూ అంతే. కంటి నుంచి బయల్దేరే నరాల్లో పదిలో తొమ్మిది పాళ్ళు పెద్ద రోడ్డున తల వెనక్కి పోతాయి. దానమ్మకు తెగింది ఆ రోడ్డు. మిగిలిన కొంచెం ఒక పాత దారిలో తల నడిమికి పోతుంది. చేపలూ కప్పలూ ఆ పాత దారితోనే బతుకుతాయి. అది 'ఇదిగో బండి' అని చెప్పదు. 'తప్పుకో' అని కాలికి చెప్తుంది, 'పట్టుకో' అని చేతికి చెప్తుంది. అందుకే దానమ్మకు కనపడలేదు. అబద్ధం చెప్పలేదు ఆమె. అయినా ఆమె తప్పుకుంది."

ఇలాంటి దెబ్బ తగిలిన అందరికీ ఇది ఉండదని, ఎందుకు కొందరికి ఉంటుందో పెద్ద పెద్దవాళ్ళకే ఇంకా పూర్తిగా తెలియదని కూడా ఆమె చెప్పింది. దీన్ని నమ్ముకుని మాత్రం రోడ్డు దాటొద్దని, తల తిప్పి చూశాకే అడుగు వేయాలని రెండుసార్లు హెచ్చరించింది.

బయటికి వచ్చాక అంకన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. దానమ్మ అతని పక్కన, అలవాటుగా అతను తన ఎడమకు వచ్చేలా కూర్చుంది.

"తప్పుగా అంటిని మే" అన్నాడు నేల చూస్తూ.

"నాకే నమ్మకం ల్యా, నువ్వెట్ల నమ్ముతావు" అంది దానమ్మ.

ఆ మాట తర్వాత ఆమెలో ఏదో మారింది. చెయ్యంటే భయం పోయింది. తన లోపల కూర్చున్నది పరాయిది కాదు, తనకంటే ముసలిది, తనకంటే ముందు నుంచి తనను కాస్తున్నది. రాత్రి బువ్వ తిన్నాక ఆ చేతిని ఇంకో చేత్తో నిమిరేది. బ్లెస్సీ చూసి చూడనట్టు ఊరుకునేది.

జూన్‌లో దానమ్మ ప్లాంటుకు పోయింది. పనిలోకి రమ్మని ఎవరూ పిలవలేదు. పద్మను చూసి వద్దామని పోయి, బెల్టు దగ్గర నిలబడింది. గింజలు నడుమలో పుట్టి ఎడమకు పోతున్నాయి. చాలాసేపు చూసింది. తర్వాత బెల్టు చుట్టూ తిరిగి, అవతలి వైపు పోయి నిలబడింది. అక్కడి నుంచి చూస్తే గింజలు ఎడమ నుంచి వస్తున్నాయి. వచ్చేవి వచ్చినట్టు కనపడుతున్నాయి. కుడికి చేరేలోపు ఏరడానికి వ్యవధి ఉంది.

"మే, భానూ!" అని కేకేసింది. "నన్నీ పక్క కూచోబెట్టు."

అవతలి వరసలో ఉన్నామె చోటు మారడానికి ఒప్పుకుంది. మొదటి వారం దానమ్మకు నరకమే. ఏళ్ళ తరబడి ఒక వైపు అలవాటుపడిన చేతులు ఎదురు తిరిగాయి. డబ్బా ఎడమకు మార్చుకుంది. ముక్కుకు ఎదురుగా చూడటం మానేసి, బెల్టు కుడి అంచున చూపు నిలపడం నేర్చుకుంది. అప్పుడు కనపడే సగంలోకే బెల్టంతా వచ్చేది. సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్ళు మండేవి. భానుప్రియ రోజూ ఆమె దాటించిన గింజల్లోంచి గుప్పెడు తీసి చూసేది. మొదట్లో గుప్పెటకు నాలుగైదు పుచ్చులు. నెల గడిచాక ఒకటో రెండో. ఆగస్టులో మినుములు వచ్చేసరికి చూడటం మానేసింది.

నవంబరులో శ్రీవాణి ఫోన్ చేసింది. జిల్లాలోని కంటి డాక్టర్లంతా నంద్యాలలో ఒకచోట కలుస్తున్నారట. దానమ్మ వచ్చి ఆ పరీక్ష అందరి ముందు చేసి చూపిస్తే బాగుంటుందని, ఇష్టం లేకపోతే రానక్కర్లేదని చెప్పింది. దానమ్మ రెండు రోజులు ఆలోచించి వస్తానంది. పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుంది. అంకన్న, బ్లెస్సీ కూడా వచ్చారు.

ముప్పై మంది డాక్టర్లు. అంతా కుర్చీల అంచులకు జరిగి కూర్చున్నారు. శ్రీవాణి టార్చి జరిపింది, దానమ్మ చుక్కను చూస్తూ చెప్పింది. నలభైకి ముప్పై ఆరు. ఒక పెద్దాయన లేచి దగ్గరికొచ్చి తానే టార్చి తీసుకుని ఇంకో పదిసార్లు చేశాడు. తొమ్మిది. ఆయన టార్చి పట్టుకునే నిలబడిపోయాడు. అంత చదివినవాడి మొహంలో, ఆ రోజు చుక్క పోయిన కాగితం పట్టుకున్న అంకన్న మొహమే దానమ్మకు కనిపించింది.

"అమ్మా" అన్నాడాయన, "వెలుగు జరిగినప్పుడు మీకు లోపల ఎలా ఉంటుంది?"

దానమ్మ చాలాసేపు మాట వెతుక్కుంది.

"ఏమీ ఉండదు సార్. కనపడదు. ఐతే... ఇంట్లో మనం వంట చేస్తాంటాం, వాకిట్లోకి ఎవురో వచ్చింటారు. చప్పుడు చెయ్యరు, పిలవరు. వచ్చినారని మనకు తెలిసిపోతాది చూడు. అట్లుంటాది. అంతకంటే చెప్పడానికి నాకాడ మాట ల్యా."

పెద్దాయన తల ఊపి, చేతులు జోడించాడు. ముప్పై మందీ లేచి చప్పట్లు కొట్టారు. దానమ్మ కుడి పక్క నుంచి వచ్చిన చప్పట్లకు అటు తల తిప్పి, వాళ్ళకూ ఒక నమస్కారం పెట్టింది.

సాయంత్రం ముగ్గురూ నంద్యాల బస్టాండుకు వచ్చారు. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. దానమ్మ బెంచీ మీద కూర్చుని, తలను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ జనాన్ని చూసింది. ఎదురుగా శ్రీశైలం బస్సు ఒకటి వచ్చి, ఒక్కసారిగా బుస్సుమని గాలి వదిలింది. ప్లాట్‌ఫారం మీద ఉన్న వాళ్ళంతా, పేపరు చదివే ఆయన, పళ్ళమ్మే ఆమె, పోలీసు, ఒకేసారి కళ్ళు మూసి తెరిచారు. ఎవరికీ తెలియలేదు. ఒక తల్లి ఎటో చూస్తూ ఉంది, ఆమె చెయ్యి మాత్రం బిడ్డ తల మీదికి పోయింది. గింజుకునే దూడను తాడుతో పట్టుకున్న ముసలాయన కాలు, తొక్కబోయిన అరటితొక్కను దాటి అవతల పడింది. ఆయన పక్కవాడితో మాట కూడా ఆపలేదు.

ఆ ముసలిది ఇంతమందిలోనూ ఉంది. ఎవరికీ చెప్పకుండా, ఎవరి మెప్పూ అడగకుండా, ప్రతి ఒంట్లోనూ మేలుకుని ఉంది.

"ఏందమా, నవ్వుతాండావ్?" అంది బ్లెస్సీ.

"ఏంల్యా. చూస్తాండా."

బస్సొచ్చింది. దానమ్మ కుడి పక్క కిటికీ దగ్గర కూర్చుంది. ఎడమ పక్కన అంకన్న. ప్లాంటు దాటకముందే అతను నిద్రపోయాడు. ఎక్కడి నుంచో ఒక ఈగ వచ్చి అతని నుదుటి మీద వాలింది. అతను నిద్రలోనే ఉన్నాడు, గురక పెడుతూనే ఉన్నాడు. రాయి రుద్ది రుద్ది బండబారిన ఆ చెయ్యి ఒడిలోంచి లేచి, సరిగ్గా ఈగ ఉన్న చోటికి పోయి, దాన్ని తోలి, మళ్ళీ ఒడిలోకి వచ్చి పడుకుంది.

దానమ్మ తోలడానికి ఎత్తిన తన చేతిని దించుకుంది. ఈగ మళ్ళీ వాలింది. దారిలో శిరివెళ్ళ వచ్చేదాకా ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది.